వదిన పోని దేశం

మా ఆయన అక్క, అంటే నాకు వదిన, సింగపూర్, మలేషియా తిరిగొచ్చిన నెలకు పెద్దపల్లిలోని వాళ్ల కొత్త ఇంట్లో వ్రతం చేసుకుంది. తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. వాళ్లాయనకు బొగ్గు లారీలు ఉండేవి. ఇంట్లో చుట్టాలు నలభై మంది దాకా ఉన్నారు. భోజనాలయ్యాక వదిన హాలు మధ్యలో కూర్చుని ఒక ఎర్ర సూట్‌కేసు తెరిచి అందరికీ విదేశీ సామాన్లు పంచడం మొదలుపెట్టింది. ఒకరికి సెంటు సీసా, ఒకరికి చాక్లెట్లు, ఒకరికి సింహం బొమ్మ ఉన్న తాళంచెవుల గొలుసు. నా వంతు వచ్చింది. నా అరచేతిలో అగ్గిపెట్టెకన్నా చిన్న సబ్బు ఒకటి పెట్టింది. దాని కాగితం మీద ఏదో హోటల్ పేరు అచ్చేసి ఉంది. బాత్‌రూముల్లో ఊరికే పెట్టే సబ్బు.

"తమ్మునికి పనికొస్తది పిల్లా. డ్యూటీ దిగినంక మసి కడుక్కుంటడు. ఫారిన్ సబ్బు, బొగ్గు గూడ తెల్లగైతది" అంది.

హాలంతా నవ్వింది. అది నేను దిగమింగుకునేదాన్నే. కానీ గడపలో నిలబడి మా ఆయన కూడా నవ్వాడు.

ఆయన గోదావరిఖని దగ్గర ఒక బాయిలో ఫిట్టరు. మేము గనిని బాయి అనే అంటాం. నేను ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి టీచర్ని. ఆయనకు చిన్నప్పుడే తల్లి పోతే అక్కే చంకనెత్తుకుని పెంచింది. అందుకని ఆమె ఏమన్నా ఆయనకు ముద్దుగానే ఉంటుంది. నాకు అట్లా ఉండాల్సిన పనేముంది?

తిరుగు బస్సులో ఊరు దాటగానే ఆ సబ్బును కిటికీలోంచి విసిరేశాను. మా ఆయన నా వైపు చూశాడు.

"ఏందే, గట్ల పారేస్తివి?"

"మనం గూడ విమానం ఎక్కుతున్నం" అన్నాను.

"యాడికి?"

"మీ అక్క పోని దేశం."

ఆయన మళ్లీ నవ్వాడు. "నాకు బాయిలకు దిగుడే ఎరుక. పైకి లేసుడు నాతోని గాదు" అన్నాడు. నేను నవ్వలేదు. కాలనీ క్వార్టర్ చేరేదాకా వేళ్ల మీద ఖర్చు లెక్కవేస్తూ కూర్చున్నాను.

నేను ప్రయాణం కోసం ప్రయాణం కట్టలేదు. సముద్రం చూడాలని గాని, వింతలు చూడాలని గాని నాకు ఏ కోశానా లేదు. వదిన మొహం ఒక్కసారి మాడిపోవాలి, అంతే. దసరాకు కంపెనీ ఇచ్చే లాభాల వాటాతో నాకు గొలుసు చేయిద్దామని ఆయన అనుకున్నాడు. గొలుసు వద్దన్నాను.

దేశం ఎంచడమే పెద్ద పని అయింది. దుబాయ్ అంటే మా జిల్లాలో ఎవరూ లెక్కచేయరు. ఇంటికొకరు అక్కడికి బతకబోయినవాళ్లే. "ఎన్నడొస్తరు? వీసా ఎన్నేండ్లకు?" అని అడుగుతారు. శ్రీలంక అంటే పక్కనే కదా అంటుంది వదిన. బ్యాంకాక్ అంటే మా ఆయన తోటి కార్మికులు కన్నుకొట్టి నవ్వారు, అది అక్కడే కొట్టేశాను. ఆఖరికి బడి కంప్యూటర్‌లో పటం చూస్తుంటే సింగపూర్ దాటిన తర్వాత, ఇంకా కిందికి, బాలి కనిపించింది. వదిన పోయిన చోటుకన్నా దూరం. ఆమె పోయిన మలేషియా మాకు మధ్యలో విమానం మారే చోటు మాత్రమే. అది నాకు ఎంతో నచ్చింది. ఆమె ఇల్లెక్కి చాటిన ఊరు మాకు బస్టాండన్న మాట.

సాయంత్రాలు బడి అయిపోయాక కూర్చుని విమానాల వేళలు నేనే నేర్చుకున్నాను. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ ఒక విమానం, అక్కడి నుంచి బాలి ఇంకొకటి. రెండు టికెట్లు విడివిడిగా తీసుకుంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోది మనకోసం ఆగదని చదివి భయపడ్డాను. మధ్యలో కావలసినంత వ్యవధి ఉండేలా చూసుకున్నాను. బాలిలో దిగాక తిప్పడానికి కారున్న ఒకాయనకు మా ఆయన పేరు మీద మెయిల్ రాశాను. నా ఇంగ్లీషుకు ఆయన ఇంగ్లీషు సరిపోయింది. "గేటు దగ్గర మీ పేరు రాసిన అట్ట పట్టుకుని ఉంటాను" అని జవాబిచ్చాడు. పాస్‌పోర్టుల కోసం పోలీసాయన ఎంక్వైరీకి వచ్చిన రోజు పక్క క్వార్టర్ ఆమె పరుగెత్తుకొచ్చి "ఏమన్న కేసయిందా అక్కా?" అని అడిగింది. "విదేశం పోతున్నం" అని గట్టిగా చెప్పాను. పెద్దపల్లి దాకా వినబడాలన్నంత గట్టిగా.

అన్నిటికన్నా జాగ్రత్తగా నేను కట్టిన ప్లాను క్వార్టర్ నుంచి హైదరాబాద్ దాకా. మా ఆయన రైలన్నాడు. నేను కారన్నాను. హైదరాబాద్ రోడ్డు పెద్దపల్లి మీదుగానే పోతుంది, వదిన ఇల్లు ఆ రోడ్డు మీదే ఉంది. సాయంత్రం ఆమె అరుగు మీద నలుగురు ఆడవాళ్లతో కూర్చునే వేళకు తెల్లటి పెద్ద కారు ఆ ఇంటి ముందు ఆగాలి. నేను దిగను. అద్దం దించి "ఫ్లైట్‌కు టైమైతున్నది వదినా, మల్ల వస్తం" అంటాను. కారు కదులుతుంది.

"బ్యాగులు కారు మీద కట్టాలె" అన్నాను.

"డిక్కీల పడ్తయి గద?"

"పట్టినా సరే, పైన్నే కట్టాలె."

ఆయనకు అప్పటికి సంగతి అర్థమైంది. ఒక్క మాట మాత్రం, "అక్క మనసుల ఏం వెట్టుకొని అనదే" అన్నాడు. "నేను వెట్టుకున్న" అన్నాను.

పిల్లలిద్దరినీ బెల్లంపల్లిలో మా అమ్మ దగ్గర దింపి వచ్చిన మర్నాడు మేము హైదరాబాద్‌కు మాట్లాడుకున్న కారాయన మా గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, ఎల్లుండి బంద్ పిలుపిచ్చిన్రు. బండి తియ్య. అద్దాలు పలగ్గొడ్తరు."

ఎల్లుండే మా ప్రయాణం. ఇంకొంచెం ఎక్కువ ఇస్తామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మా ఆయన వైపు తిరిగాను. ఆయన యూనియన్ మనిషి, రాష్ట్రం కోసం జరిగే ప్రతి ఊరేగింపులో ఉండేవాడు.

"మన బంద్‌ను మనమే దాటుకుంట పోతమానే?" అన్నాడు. "రేపు పొద్దుగాల రైలుకు పోదాం. రాత్రికి సికింద్రాబాద్‌ల ఏదన్న లాడ్జిల ఉందాం. ఎల్లుండి పొద్దుగూకి బంద్ అయిపోయినంక ఎయిర్‌పోర్టుకు పోదాం."

వేరే దారి లేదు. ఇన్ని వారాలు కూర్చుని అల్లుకున్న తెల్ల కారు, అద్దం దించడం, అరుగు మీది నలుగురు ఆడవాళ్లు, అంతా ఒక్క పూటలో పోయింది. ఆ రోజు వంట చేస్తూ గిన్నెలన్నీ ఎత్తెత్తి పడేశాను.

బంద్ ముందు రోజు కాబట్టి రామగుండం స్టేషన్ ఇసుక వేస్తే రాలనట్టు ఉంది. రిజర్వేషన్ ఎక్కడిది? జనరల్ డబ్బాలో ఎక్కాం. నేను కొత్త పట్టుచీర కట్టుకుని తలుపు పక్కన ఇరుక్కున్నాను. నా కాళ్ల మీద ఎవరిదో కూరగాయల గంప, తల మీద మా సూట్‌కేసు. పోనీలే, పెద్దపల్లి దాటితే చాలు, ఎవరి కంటా పడకుండా పోవచ్చనుకున్నాను. అప్పుడు చెప్పాడు మా ఆయన.

"అక్కకు ఫోన్ చేసిన. స్టేషన్‌కు వస్తున్నది. తొవ్వల తినడానికి తెస్తదట."

నాకు ఆయన్ని ఆ తలుపులోంచి తోసేయాలనిపించింది.

పెద్దపల్లిలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం ఆ చివర వదిన కనిపించింది. ఒక చేతిలో టిఫిన్ గిన్నెలు, ఇంకో చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని ఏసీ డబ్బాల దగ్గర కిటికీలన్నీ వంగి వంగి చూస్తోంది. అక్కడ మేము లేము. మా ఆయన "అక్కా! గిటు, గిటు!" అని అరిచాడు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. మా డబ్బా ముందు ఆగి, నన్ను చూసి, నా పట్టుచీర చూసి, గంప చూసింది.

"జనరల్ డబ్బల పోతున్నరా? విమానంల గూడ గిట్లనే నిలవడి పోతరా ఏంది పిల్లా?"

డబ్బా మొత్తం నవ్వింది. గంప మనిషి కూడా నవ్వాడు. మా ఆయన గిన్నెలు అందుకున్నాడు. రైలు కదిలింది. వదిన పక్కనే నడుస్తూ, రొప్పుతూ, ఒక కాగితం పొట్లం నా వైపు చాపింది.

"పత్తి! విమానం దిగేటప్పుడు చెవులు నొస్తయి. చెవులల్ల వెట్టుకోండ్రి!"

నేను చేయి చాపలేదు. మా ఆయన నా భుజం మీంచి వంగి అందుకున్నాడు. ఆమె నవ్వుకుంటూ చేయి ఊపింది. రైలు వెళ్తుంటే కనబడ్డంత సేపూ ఊపుతూనే ఉంది. నేను మాత్రం గంప వైపే చూశాను.

ఆమె పెట్టిన పులిహోర నేను ముట్టలేదు. లాడ్జిలో బన్ను తిన్నాను. విమానంలో పత్తి కూడా పెట్టుకోలేదు. కౌలాలంపూర్‌లో దిగుతున్నప్పుడు రెండు చెవుల్లోనూ సూదులు గుచ్చినట్టయింది. కళ్లలో నీళ్లు కారాయి. మా ఆయన చెవుల్లో పత్తితో హాయిగా కిటికీలోంచి చూస్తూ "ఊరంత బొమ్మ లెక్క ఉన్నదే" అంటున్నాడు. ఆ మాట కూడా నాకు దూరంగా ఎక్కడినుంచో వినిపించింది. పొట్లంలో ఇంకా పత్తి ఉంది. అయినా అడగలేదు.

బాలిలో బయటికి రాగానే, అట్ట ఉంటుందని తెలిసినా, నేను అనుకోనిది ఒకటి కనిపించింది. అట్టలు పట్టుకున్న డ్రైవర్ల వరుసలో ఒక అట్ట మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో మా ఆయన పేరు ఉంది. ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా. బాయి దగ్గర హాజరు వేసేటప్పుడు తప్ప ఆ పేరు మొత్తంగా ఎవరూ పలకరు. ఆయన ఆ అట్ట ముందు నిలబడిపోయాడు.

"నా పేరే గద?" అన్నాడు.

"నీ పేరే."

ఫోటో తీశాను. సముద్రం, కొండల మీద వరి మడులు, కోతులు, అన్నీ తరువాత చూశాం. బాగానే ఉన్నాయి. ఆ వారమంతా నా ఆలోచన మాత్రం ఆ ఒక్క ఫోటో మీదే. వదిన వాళ్లు పోయింది గుంపు టూరు. యాభై మందిని ఒక జెండా వెనక నడిపించారు. వాళ్ల పేరు రాసి ఎవడూ నిలబడలేదు. ఇది చూపించాలి. అదే హాల్లో, అదే చుట్టాల ముందు.

ఆ అవకాశం వదిన చిన్న బిడ్డ ఓణీల పండుగకు వచ్చింది. ఫోటోను పెద్దది చేయించి తీసుకెళ్లాను. భోజనాలయ్యాక, జనం అట్లాగే కూర్చుని ఉన్నప్పుడు, "మీరు పోయినప్పుడు గిట్ల పేరు రాసుకొని ఎవరన్న వచ్చిన్రా వదినా?" అని ఆమె చేతిలో పెట్టాను.

వదిన చదివింది. ఒక్కో అక్షరం వేలితో తడుముతూ చదివింది. నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను. మాడిపోలేదు. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి.

"మా తమ్ముని పేరు! సూడుండ్రి, సముద్రం అవుతల మా తమ్ముని పేరు రాసుకొని నిలవడ్డరు!" అని లేచి ఫోటో పట్టుకుని హాలంతా తిరిగింది. వంటవాళ్లకు కూడా చూపించింది. "నేను చంకనెత్తుకున్న పోరడు" అంది. చుట్టాలంతా ఆమెనే మెచ్చుకున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ ఫోటో తిరిగి నా చేతికి రాలేదు. చట్రం కట్టించి వాళ్ల హాలు గోడకు తగిలించుకున్నారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది వదినే నాకు ఫోన్ చేసింది. "మేం గూడ బాలి పోతం పిల్లా. మీరు పోయిన తొవ్వల్నే. టికెట్లు నువ్వే చెయ్యి, నీకు అన్ని ఎరుకే గద."

చేశాను. ఎంతో శ్రద్ధగా చేశాను. కౌలాలంపూర్‌లో దాదాపు రోజంతా కూర్చోవాల్సిన విమానం వెతికాను. సీట్లు ఎంచుకునే పటం వచ్చినప్పుడు వదినకు తోక చివర, టాయిలెట్ గోడకు ఆనుకుని ఉన్న సీటు ఎంచాను. వాళ్లాయనకు చాలా ముందు వరుసలో, ఇద్దరి మధ్య ఇరుక్కునే సీటు. "పక్కపక్కన దొరకలేదు వదినా" అని చెప్పాను. నాలుగు గంటలు, మొగుడి నుంచి దూరంగా, ప్రతి మనిషీ రాసుకుంటూ పోయే చోట. ఆ బటన్ నొక్కినప్పుడు కలిగిన సంతోషం బాలి సముద్రం చూసినప్పుడు కూడా నాకు కలగలేదు.

వాళ్లు తిరిగొచ్చిన వారానికి వదిన స్వయంగా మా క్వార్టర్‌కు వచ్చింది. చేతిలో నా కోసం చీర. రాగానే నా చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించింది.

"నువ్వు బంగారం పిల్లా. పెండ్లయినకాడ్నుంచి గీయన పక్కన లేకుంట నేను యాడ కూసోలె. ఆ నాలుగు గంటలు మస్తు నిమ్మళంగ ఉన్న. పక్కన బాత్‌రూమాయె, షుగరుకు మాటిమాటికి లేస్త గద, ఎవర్ని జరుగుమనే పని లేకపాయె. నువ్వు సమజ్ చేసుకొనే ఏసినవు. నాకు ఎరుకే."

చాయ్ పెట్టాను. ఆమె తాగి, వాళ్లాయన రెండు లావాటి మనుషుల మధ్య ఎట్లా నలిగాడో చెప్పి పడీ పడీ నవ్వింది. ఇన్నేళ్లలో ఆమె మాటకు మొదటిసారి నేను కూడా నవ్వబోయి ఆపుకున్నాను.

చీర మంచిదే. ఇప్పటిదాకా కట్టలేదు.