కార్డులకు విసనకర్ర

ఎనభైల మొదట్ల నేను వరంగల్‌ల ఇంజినీరింగ్ పరిశోధన చేస్తుంటి. చల్లటి గొట్టాల మీద ఆవిరి నీళ్లయ్యే తీరును కంప్యూటర్‌తోని లెక్కగట్టుడు నా పని. ఆ ప్రోగ్రామంతా చిల్లులు కొట్టిన అట్టకార్డులే. ఒకరోజు వాటిని అట్టపెట్టెల సర్దుకొని హైదరాబాద్‌ల ఉన్న పెద్ద కంప్యూటర్ దగ్గరికి రైల్ల పోతున్న. కార్డు తడిస్తే మెషిన్ మింగదు. వరస తప్పితే లెక్కే పోతది.

కాజీపేటల ఒక పెద్దమ్మ ఎక్కింది. జనగామ దవాఖానల ఉన్న చెల్లెలికి వేడి బగారన్నం తీస్కపోతాంది. సమంగ కనబడ్డదని, తువ్వాల చుట్టిన గిన్నెను నా పెట్టె మీదనే పెట్టింది. నేను చూసేసరికి తువ్వాల నానింది, పెట్టె నానింది, పై కార్డులకు చెమ్మ పట్టింది.

"అయ్యో పెద్దమ్మా, ఇది ఆవిరి నీళ్లయ్యే లెక్క! తడవొద్దు!" అన్న.

ఆమె గిన్నె మూత ఎత్తి, కింద వేలాడే చుక్కలు చూపించింది. "గిట్లనా?"

"గట్లనే."

"మరి నీ లెక్క కరెక్టే గద బిడ్డా," అని నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత ఆమె నవ్వలే. తడి కార్డులను వరస తప్పకుండ ఒళ్లె పరుచుకొని, జనగామ దాకా తన విసనకర్రతోని విసిరింది. రైలు దిగినంక కిటికీలకెళ్లి ఆ విసనకర్ర నా చేతిల పెట్టి, "ఆపకు," అన్నది. అది ఇప్పటికీ నా దగ్గర్నే ఉంది.

నేను ఆపలే. ఎదుటి సీటు పెద్దాయన చెమట తుడుచుకుంట, "జర ఇటు గూడ విసురు తమ్మీ," అన్నడు.

"ఇంకా ఆరలేదు పెద్దాయనా," అన్న.