పెద్దక్క ఏరుకున్న గిటారు

పోయిన మంగళవారం పొద్దున మా పెద్దక్క ఆత్మకూరులో తన ఇంట్లోనే కన్నుమూసింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుందట, మళ్ళీ లేవలేదు. నేను నెల్లూరు నుంచి వెళ్ళేసరికి వాకిలి నిండా మనుషులున్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ నా చేతులు పట్టుకొని ఒకటే మాట అన్నారు: పాపం, ఒంటి బతుకు బతికింది, మొగుడూ లేడు, పిల్లలూ లేరు. మూడు రోజులు ఆ మాట విన్నాను. నాలుగో రోజు నాకు కోపం వచ్చింది. మా అక్కను చూసి పాపం అనవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇంకా బతికే ఉన్నాను గనుక ఇది రాస్తున్నాను. ఇందులో నేను సిగ్గుపడవలసిన పని ఒకటుంది. దాన్నీ దాచను.

మాది ఉదయగిరి. అక్కను కలువాయి వైపు ఇచ్చారు. పెళ్ళయిన రెండో ఏడు ఒక ట్రంకుపెట్టెతో బస్సు దిగి ఇంటికొచ్చేసింది. సర్దిచెప్పి పంపుదామని పెద్దమనుషులు వచ్చి కూర్చుంటే, అందరికీ మజ్జిగ ఇచ్చి గుమ్మంలో నిలబడింది. "కొట్టే చేతికి నేను అన్నం పెట్టను. మీరు ఎన్నిసార్లు వచ్చినా మజ్జిగ మాత్రం ఇస్తా" అన్నది. ఆ తర్వాత కుట్టుపని పరీక్ష పాసై, ఆత్మకూరులో ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా చేరింది. మా నాయన ఆమె ఉద్యోగాన్ని ఒప్పుకున్నాడు గానీ, ఆమె తిరిగొచ్చిన సంగతిని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆమెకొక అలవాటుండేది. ఎవరైనా కొత్త చొక్కా వేసుకొస్తే బాగుందని చెప్పేది కాదు. కాలరు వెనక్కి మడిచి కుట్టు చూసేది. పైపైన అందరూ బాగానే కుడతారని, లోపల చూస్తేనే పనివాడెవడో తెలుస్తుందని అనేది. పెళ్ళిళ్ళలో కూడా అదే పని. అందుకే ఆమె ఎదురొస్తే మా వదిన పమిట సర్దుకునేది.

ఎనభైల మొదట్లో, అక్కకు ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు, ఆమె ఉన్న ఇంటి పక్క వాటాలోకి ఆసుపత్రి నర్సు ఒకామె దిగింది. కేరళ మనిషి. ఆమె దగ్గర గిటారు ఉండేది. సాయంత్రాలు వాయించుకునేది. అక్క మొదట గోడకివతల కూర్చొని వినేది, తర్వాత గోడకవతలకి వెళ్ళి కూర్చుంది. మూడు పట్లు నేర్చుకుంది. ఎడమచేతి వేళ్ళతో తీగలను ఎక్కడ నొక్కిపెట్టాలో, ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి ఆగకుండా ఎలా మారాలో ఆరు నెలలు సాధన చేసింది. అంతలో నర్సుకి బదిలీ అయింది. గిటారు ఆమెతో వెళ్ళిపోయింది.

అక్క వేళ్ళ కొసలు అప్పటికి కాయలు కాచి ఉన్నాయి. తీగలు ముట్టుకోకపోతే ఆ చర్మం మళ్ళీ మెత్తబడుతుంది, నేర్చిన నొప్పి అంతా వృథా అవుతుంది. అందుకని ఉదయగిరికి కార్డు రాసింది. వచ్చే శనివారం మద్రాసు వెళ్ళి తనకొక గిటారు కొనుక్కుంటున్నానని, ఇది అడగడం కాదు, చెప్పడమని.

నేనప్పుడు కలిగిరిలో గుమాస్తాను. నాయన నన్ను పిలిపించాడు. మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి ఇప్పుడు బజార్న కూర్చొని తీగలు మీటితే నలుగురిలో తల ఎట్లా ఎత్తుకోవాలని అడిగాడు. తోడు వెళ్తున్నట్టు వెళ్ళి, ఎట్లాగైనా ఆమెను ఉత్త చేతులతో తీసుకురమ్మన్నాడు. నేను సరేనన్నాను. నాకూ నలుగురి భయమే.

మద్రాసులో వాద్యాలమ్మే అంగడాయన తెలుగు బాగానే మాట్లాడాడు. నన్ను చూసి, పిల్లవాడి కోసమా అని అడిగాడు. అక్క నాకంటే ముందు, తనకేనని చెప్పింది. ఆయన ఒకసారి ఆమె నేత చీరనూ, ముడిలో దోపుకున్న సుద్దముక్కనూ చూసి, అన్నిటికంటే చవకది దించాడు. ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది. అక్క దాన్ని తుపాకీలా కంటి దగ్గర పెట్టుకొని మెడ పొడవునా చూసింది. కుట్టు గదిలో స్కేలు వంకర ఉందేమోనని ఆమె అట్లాగే చూసేది. మెడ వంగి ఉంది. తీగలు చెక్కకు అంత ఎత్తున ఉంటే నొక్కేవాళ్ళ వేళ్ళు తెగుతాయని, నేర్చుకునేవాళ్ళు వారానికే మానేస్తారని చెప్పి తిరిగిచ్చేసింది. ఈసారి ఆయన ఖరీదైనది తెచ్చాడు. గుండ్రటి రంధ్రం చుట్టూ ముత్యపుచిప్ప పొదిగి ఉంది.

"ఈ చిప్పలు మోగతాయా?" అని అడిగింది అక్క.

ఆయన నవ్వాడు. అది అందానికని చెప్పాడు.

"అందానికి నా దగ్గర లేస్ ఉండాది. మధ్యరకంలో చూపించండి. ఒకటి కాదు, ఉన్నవన్నీ."

మధ్యరకంలో మూడున్నాయి. మూడూ ఒకే కంపెనీవి, ఒకే కొలత, ఒకే గోధుమ రంగు. ఏదైనా ఒకటేనని ఆయన అన్నాడు. ఒకే తాను గుడ్డ కూడా ఈ చివరా ఆ చివరా ఒక్కలా ఉండదని అక్క అన్నది. స్టూలు అడిగి కూర్చుంది. ఒక్కొక్క గిటారునూ తీసుకొని, ఆరు తీగలనూ, మెడ మీది ప్రతి మెట్టు దగ్గరా నొక్కి మీటింది. ఎక్కడన్నా తీగ జీరగా మోగుతుందేమోనని చెవి వంచి వింది. చిన్న అద్దం తెచ్చుకుంది. దాన్ని లోపలికి దించి అతుకులు చూసింది. అంగడాయనకు ఓపిక చచ్చింది. గిల్లి చూడడానికి ఇవేమీ వంకాయలు కావమ్మా అన్నాడు.

"వంకాయలైతే గిల్లకుండానే తీసుకుందును. ఒక పూటతో పోతాయి. ఇది నాతో ఉండేది."

మొదటిదానిలో ఒక మెట్టు దగ్గర శబ్దం చచ్చిపోతోంది. రెండోదానిలో అతుకు విడింది. మూడోది నిండుగా పలికింది. దానికి శ్రుతి చేయించి గోడకు ఆనించి పెట్టమంది. తిండి తిని గంటాగి వస్తానని, అప్పటికి తీగలు సడలకపోతే కొంటానని చెప్పి అంగడి మెట్లు దిగింది.

నేను జోడు వేసుకునే నెపంతో వెనకబడ్డాను. అంగడాయనతో మెల్లగా, ఆమె వచ్చాక ఏదో వంక చెప్పి అమ్మకుండా పంపించమని అడిగాను. మా ఇంట్లో గొడవవుతుందని బతిమాలాను. అదే నేను దాచనన్న సంగతి.

ఇడ్లీ తిని తిరిగొచ్చాం. అంగడాయన ఆమెకు స్టూలు వేసి, నవ్వుతూ, మీ తమ్ముడు అమ్మొద్దంటున్నాడమ్మా అనేశాడు. అక్క నా మొహం చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నాయన పంపినాడని బస్సెక్కేటప్పుడే తెలుసురా. అయినా తోడొచ్చినావు కదా అనుకున్నా. నీకు సిగ్గయితే బయట నిలబడు. కొనుక్కొని వస్తా."

నేను బయటికి వెళ్ళలేదు. అది ధైర్యమేమీ కాదు. ఆమె ఆ మూడో గిటారు తీసుకొని మీటింది. శ్రుతి నిలిచే ఉంది. అప్పుడు వెనక్కి తిప్పింది. వీపు మీద జానెడు గీత పడి ఉంది. అంగడాయన ఇబ్బందిపడి, గీత లేనిది తీసుకోమని మొదటిదాన్ని ముందుకు జరిపాడు.

"గీత వీపుమీద ఉండాది. గొంతులో లేదు" అంది అక్క.

నర్సు వెళ్ళిపోకముందే ఆమె గిటారుకి టేపు పెట్టి కొలతలు తీసుకొని, అక్క ఒక సంచీ కుట్టి ఉంచింది. పైన ఖాకీ గుడ్డ, లోపల పాత దుప్పటి. గిటారు అందులో సరిగ్గా పట్టింది. బస్సులో పైన పెట్టనివ్వలేదు. ఒళ్ళో నిలబెట్టుకొని కూర్చుంది. నెల్లూరు దాటాక నేను ఆత్మకూరులో దిగిపోదామన్నాను. ముందు ఉదయగిరికే పోవాలని అంది. దాక్కున్నానని ఎవరూ అనుకోకూడదట.

ఉదయగిరి బస్టాండులో దిగగానే సంచీ ముడి విప్పి గిటారు బయటికి తీసింది. అది ఎండవేళ, బజారు నిండా జనం. లోపల పెట్టమని నేను ప్రాధేయపడ్డాను.

"ఈ సంచీ దుమ్ముకి కుట్టినా. జనానికి కాదు" అని, ఖాళీ సంచీ నా భుజాన వేసి ముందు నడిచింది.

ఆమె వెనక నడవడం నా జీవితంలో అతి పొడవైన నడక. అంగళ్ళలో మాటలు ఆగిపోయాయి. అక్క తెలిసినవాళ్ళను పేరుపేరునా పలకరించింది.

నాయన అరుగు మీద ఉన్నాడు. ఆ వస్తువు ఈ గడప దాటకూడదన్నాడు. అక్క వాదించలేదు. గడప దాటదులే అని అరుగు మీదే, ఆయనకు రెండు మూరల దూరంలో కూర్చొని, తనకొచ్చిన మూడు పట్లూ వాయించింది. ఒక చోట తప్పింది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

ఎదురింట్లో చెక్క చెంచాలు చెక్కే సాయిబు పనిముట్టు కింద పెట్టి వచ్చాడు. నాయన ఈడువాడు, నాయనకు చిన్ననాటి స్నేహితుడు. గిటారు అడిగి తీసుకొని, పలక మీద వేలితో తట్టి, చెక్క వాసన చూశాడు.

"బాగా ఆరిన చెక్క. తెలిసిన చెయ్యి ఏరింది. ఎవరు ఎంచినారు?" అన్నాడు.

"నేనే చాచా" అంది అక్క.

ఆయన గిటారు ఆమెకు తిరిగిచ్చి, నాయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. మళ్ళీ వాయించమన్నాడు. నాయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఏడాది పాటు అక్కతో మాట్లాడలేదు. ఆ ఏడాదంతా అక్క ప్రతి నెలా గిటారుతో సహా వచ్చింది, అరుగు మీదే కూర్చుంది, అక్కడే అన్నం తింది. పదమూడో నెలలో నాయన ఒక వానరోజు తలుపు తెరిచి, చెక్క తడుస్తుంది, లోపలికి రా అన్నాడు. తప్పయిందని ఆయనా అనలేదు, అక్కా అనిపించుకోలేదు.

నేను మాత్రం చెప్పుకున్నాను. ఆమె వింటూనే బొత్తాం కుట్టుకుంటోంది. ఆ రోజు నువ్వు బయటికి పోలేదు కదరా, చాల్లే అన్నది.

తర్వాత ఆత్మకూరులో ఆమె దగ్గర పిల్లలు చేరారు. కొందరి తండ్రులు బడికి వెళ్ళి ఫిర్యాదు చేశారు. తన ఇంట్లో, తన వేళలో ఏం నేర్పాలో తనిష్టమని అక్క రాసిచ్చింది. పిల్లలు మానలేదు. వాళ్ళలో ఒకామె తన గిటారు కొనుక్కోబోతే, అక్క అరవై ఏళ్ళు దాటి కూడా అద్దం పట్టుకొని వెంట వెళ్ళింది. దీన్ని ఒంటి బతుకు అనేవాళ్ళు అనుకోవచ్చు.

ఇప్పుడు ఆమెను తలుచుకుంటే, ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం కళ్ళ ముందుకొస్తుంది. నేను నెల్లూరులో ఎక్కి, ఆత్మకూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి పోయే బస్సులో ఉన్నాను. సరిగ్గా అక్క ఇంటి ముందు టైరు పంచరై ఆగింది. అందరం దిగాం. అక్క వాకిట్లో వాయించుకుంటోంది. తలెత్తలేదు, నన్ను కూడా చూడలేదు. ఒకరొకరే వచ్చి ఆ ఇంటి నీడలో నిలబడ్డారు. టైరు మార్చారు. కండక్టరు విజిల్ వేశాడు. జనం నెమ్మదిగా ఎక్కారు. కోళ్ళ గంపతో ఉన్న ముసలావిడ మాత్రం అక్క వాకిలి మెట్టు మీద నుంచి లేవలేదు. కండక్టరు కేకేస్తే, ఆమె గంప మీద చెయ్యి వేసి కోళ్ళను సద్దు చేయకుండా అదిమిపట్టి, "ఉండు నాయనా, ఆ యమ్మ ఆపినాక వస్తా" అంది.

బస్సు ఆగే ఉంది. అక్క వేళ్ళు ఇంకో పట్టుకి మారాయి.