అక్క జుట్టుకు ఎండ రంగు

మా కొట్టులోని తరాజు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. హనుమకొండ బజారులో నన్ను ఎరిగినవాళ్లు ఈ ప్రమాణం వినగానే తరాజును కూడా అనుమానంగా చూస్తారు. చూడనివ్వండి.

మా అక్కకు నడుము దాటిన జడ ఉండేది. చిన్నప్పుడు తాడు తెగి బొక్కెన బావిలో పడితే, అక్క గట్టు మీద బోర్లా పడుకుని, జడ చివర కొక్కెం కట్టి దాన్ని పైకి తీసింది. కాళ్లు పట్టుకున్నది నేనే.

ఆ జడనే అక్క మొక్కింది. వాళ్ల ఊరు రఘునాథపల్లిలో పొలం గట్టున కూలిపోయిన బావ దవాఖానలో కళ్లు తెరవకుండా ఉన్నప్పుడు, ఆయన నడిచి ఇంటికొస్తే మేడారంలో తలనీలాలు ఇస్తానని సమ్మక్క తల్లికి మాటిచ్చింది. బావ నడిచే వచ్చాడు, వస్తూనే బీడీ అడిగాడు. కానీ జాతర రెండేళ్లకోసారి. అప్పటికి ఒక జాతర దాటిపోయి ఎంతో కాలం కాలేదు. అమ్మవారికి ఇచ్చేసిన జుట్టు ఇంకా అక్క నెత్తి మీదే ఉంది.

ఆ మధ్య కాలంలోనే ఒకరోజు అక్క మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి పార్లర్ పని నేర్చుకుని కొట్టు పైన గదిలో ఒక కుర్చీ వేసుకుంది. అక్క ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. అందులోని పిల్లకు పైన నల్లగా, కిందికి పోనుపోను బెల్లం పాకంలా మెరిసే జుట్టు.

"బిడ్డా, నాగ్గూడ గిట్ల చేస్తవా?"

"దీన్ని బలయాజ్ అంటరు అత్తమ్మా. కుదుళ్ల కాడ ముట్ట. నడిమి నుంచి కిందికి, పాయ పాయకు కుంచెతోటి పూస్త. ఎండకు రంగు తిరిగినట్టు కనవడ్తది. ఎంట్రుకలు పెరిగినా గీత వడది."

"ఎండ చేసే పనికి కుర్సీ ఎందుకే? మిరపచేన్ల నాకు ఉత్తగనే చేసె," అంటూనే అక్క కూర్చుంది.

సాయంత్రం తీసుకుపోవడానికి వచ్చిన బావ గడపలోనే ఆగిపోయాడు.

"మొక్కింది నల్ల జుట్టు. రంగు జుట్టిస్తే తల్లి ఒప్పుకుంటదా?"

"మేకపోతును కడిగి, పసుపు వూసి, బొట్టు వెట్టి ఇస్తమా లేదా?"

బావ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "మేకనెవలూ అడుగరు గదా."

"నన్నూ ఎవలడగలే. నేనే మొక్కిన. ఎట్లియ్యాల్నో నేనే చూస్కుంట."

ఇక అక్కడి నుంచి ఆ జుట్టుకు జరిగిన సేవ పసిపిల్లకు కూడా జరగదు. మా అమ్మాయి మెట్ల మీద నిలబడి వీధంతా వినబడేట్టు చెప్పింది. "రెండు మూడు రోజులు నీళ్లు తగలొద్దు. వేన్నీళ్లు వద్దు. సల్ఫేట్ లేని షాంపూనే. నడుమనడుమ ఊదా రంగు షాంపూ వెట్టకుంటే ఇత్తడి బిందె లెక్క పచ్చగైతది. కుంకుడుకాయ అసలే ముట్టకు, రంగునంత ఊడ్చుకపోతది." కింద నేను కుంకుడుకాయల బస్తా పక్కన కూర్చుని గిరాకీని చూసి నవ్వాను. ఇంకేం చేస్తాను?

అసలు చిక్కు నీళ్లతో వచ్చింది. అక్క వాళ్లింట్లో బోరు నీళ్లు. గిన్నెల మీద తెల్లటి పొర కట్టే నీళ్లు. ఆ నీళ్లు పోస్తే రంగు మసకబారిపోతుందట. మా నల్లాలో వచ్చేది ధర్మసాగర్ చెరువు మంచినీళ్లు. అంతకుముందు రాఖీకో, ఎవరింటి పెళ్లికో తప్ప రాని అక్క, ఆ నీళ్ల కోసం వారం వారం బస్సెక్కి వచ్చేది.

తల కడుక్కుని, జుట్టుకు క్రీము పట్టించి, మెత్తటి పాత పంచె చుట్టుకుని కూర్చునేది. అది నానేంతసేపూ ఆమెకు వేరే పని లేదు. పెళ్లయ్యాక అక్క పని లేకుండా కూర్చున్నది ఆ గంటలేనేమో.

"తమ్మీ, జరసేపు పైకి రారాదు. చాయ్ పెట్టిన."

"వస్తానక్కా. గిరాకి ఉన్నది."

చాయ్ కిందికే వచ్చేది. పైన అత్తాకోడళ్ల నవ్వులు వినబడేవి. ఎందుకు నవ్వుతున్నారో వచ్చేవారం అడగొచ్చులే అనుకునేవాణ్ని.

జాతర వచ్చింది. "మొక్కు తీర్చేటప్పుడు నువ్వు నా ఎనుక ఉండాలె," అంది అక్క. వాగు ఒడ్డున మంగలి ఆ జడను చేతిలోకి తీసుకుని చూశాడు.

"గింత మంచిగున్నది. మూడు కత్తెర్లిస్తె సాలదా అమ్మా?"

"మొత్తం తియ్యి."

జడ ఇసుకలో పడకుండా నేను రెండు చేతులతో పట్టుకున్నాను. తడి చేదతాడంత బరువుంది. పైన నలుపు, కింద మా కొట్టు బెల్లం రంగు. గుండు తడుముకుని అక్క, "సల్లగున్నది," అంది.

ఇప్పుడు ఆ గుండు మీద పొట్టి తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి. ధర్మసాగర్ నీళ్లు నిండుగా వస్తున్నాయి, రమ్మని ఫోన్ చేస్తాను.

"ఏం కడగనీకి రావాల్రా? తడి తువ్వాలతోటి తుడుస్తే అయిపోతాంది."

చాయ్ తాగడానికి రమ్మనడం చేతకాక, నీళ్ల గురించే మళ్లీ చెబుతాను.

ప్రమాణం చేశాను కాబట్టి చెప్పాలి. బావి కథ నిజం, అక్కనే అడగండి. మంగలి నిజం, "సల్లగున్నది" నిజం. ఆ మాట ఆమె మా అమ్మాయితో అంది. కల్పించింది నా చేతుల్నే. మేడారంలో తల్లికి మొక్కే బెల్లాన్నే బంగారమంటారు, జాతరప్పుడు మా కొట్టుకు ఊపిరాడదు. అక్క జడ కింద పడకుండా మా అమ్మాయి పట్టుకున్నప్పుడు, నా చేతులు ఈ తరాజు మీదే ఉన్నాయి.