ఏసీకి పెద్దకర్మ

అబుదాబిలోని ఐకాడ్ లేబర్ క్యాంపులో మా గదికి పెద్ద, సిరిసిల్ల నుంచి వచ్చిన షట్టరింగ్ మేస్త్రీ. కంపెనీ ఎంత అన్యాయం చేసినా అతను తిట్టేవాడు కాదు, మర్యాదలు చేసేవాడు.

కరోనా తర్వాతి ఎండాకాలంలో మా పదహారుమంది గదిలో ఏసీ ఆగిపోయింది. ఇద్దరు సొమ్మసిల్లి పడ్డారు. కంపెనీ దయగలది కనుక ఇరవై రోజులు ఆలోచించి, ఏసీ పక్కన 'మీ ఆరోగ్యమే మా ఊపిరి' అన్న పోస్టరు అంటించింది. ఆ దేశంలో జెండా పట్టుకుని సమ్మె చేసే వీలు లేదు. దండ వేయకూడదని మాత్రం ఏ రూలూ లేదు.

మాకు పని ఇచ్చిన పెద్ద కంపెనీ దొరలు క్యాంపు చూడడానికి వచ్చిన రోజు, మేస్త్రీ ఏసీకి దండ వేసి, బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి, దాని కింద చాప పరిచి కూర్చున్నాడు.

"ఏందిది?" అన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. ఆయనా హైదరాబాదువాడే.

"పెద్దమనిషి పోయి ఇరవై దినాలాయె సాబ్. మీరు పలకరిస్తందుకు రాకపోతిరి. కర్మ మేమే చేస్తున్నం. కూసోండ్రి, చాయ్ తాగి పోదురు."

అతనేమంటున్నాడని దొరలు అడిగారు. పాపం, ముదీరే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రానికి కొత్త ఏసీ వచ్చింది. మర్నాడు మేస్త్రీని ఎడారిలో ఉన్న వేరే క్యాంపుకి పంపేశారు. అతన్ని వెనక్కి రప్పించమని అడగడానికి గదిలో ఎవరికీ నోరు రాలేదు. అడిగితే ఏసీ విప్పుకుపోతారేమోనని అందరికీ భయం. నాకూ అదే భయం.