మా మామ్మ మలయా వంటలు

ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో మనుషుల కంటే ముందు వాసన చెప్పేది. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో మా రైల్వే క్వార్టర్లకు ఇళ్ళు రెండైనా గోడ ఒకటే. మా అమ్మ పోపు వేస్తే పక్కింటి బెంగాలీ దీదీ తుమ్మేది. అలాంటి చోట మా ఇంటి నుంచి మూడు వారాలుగా ఏ వాసనా రావడం లేదు. తాతయ్య పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి మామ్మ అన్నం మానేసింది. ఏడవదు, అలగదు, కంచం పక్కకు జరుపుతుంది, అంతే. రైల్వే ఆసుపత్రి డాక్టరు నాడి చూసి, "ఏదో ఒకటి తినిపించండి. ఇలాగే ఉంటే పదిహేను రోజులు కూడా కష్టం" అన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌ని (నేర్చుకునేవాడినని అర్థం, ఏం నేర్చుకున్నానో వర్క్‌షాప్‌కి కూడా తెలియదు). మామ్మని బతికించే బాధ్యత నా మీద నేనే వేసుకున్నాను.

దానికో కారణముంది. మామ్మ చిన్నతనం మలయాలో, రబ్బరు తోటల్లో గడిచింది. పెళ్ళీడుకొచ్చాక శ్రీకాకుళం వైపు తీసుకొచ్చి తాతయ్యకిచ్చారు. తాతయ్య డ్యూటీ దిగి టీ గ్లాసు పట్టుకుని, "ఏటే, మలయాలో ఏటి తినీవోళ్ళు?" అని రోజూ మొదటిసారిలాగే అడిగేవాడు. మామ్మ మొదలెట్టేది. కొబ్బరిపాలలో వండిన అన్నం, నాసి లెమాక్. పక్కన వేయించిన నెత్తళ్ళు, వేరుశనగ గుళ్ళు, ఎర్రటి కారం. కొబ్బరిపాలు ఇగిరి నల్లబడేదాకా ఉడికించిన మాంసం, రెండాంగ్. పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే సాతే. కొబ్బరాకు బుట్టలో ఉడికే అన్నం, కెతుపాత్. కొరికితే బెల్లం పాకం చిమ్మే ఒండే ఒండే (ఎంత దూరం పోయినా ఉండ ఉండే). మేమంతా గుటకలు వేసేవాళ్ళం.

"మామ్మకి నాసి లెమాక్ వండి పెడదామమ్మా" అన్నాను.

"పేరులోనే నాసిరకం అంతన్నాది, అదేటి తింతాదిరా?" అంది అమ్మ. నెత్తళ్ళనగానే మొహం మార్చింది. "మాసికం కాకుండా ఎండుసేప ఏపుతావా? ఈదంతా ఉమ్మెయ్యదూ?"

నేను ఆగలేదు. నెత్తళ్ళు గోల్‌బజార్‌లో దొరికాయి. అన్నంలో ముడివేసి పడేసే పచ్చాకు ఒకటి ఉంటుందని మామ్మ చెప్పేది. అది హిజ్లీ వైపు కంచెలో కనిపించిందని సైకిలేసుకుని వెళ్ళి కోస్తే, అది మొగలి అని నా అరచేతికి తెలిసింది. చివరికి పక్కింటి దీదీ నవ్వి, తాను పాయసంలో వేసే ఆకు తన కుండీలోంచే తుంచి ఇచ్చింది. చేపల వేపుడుకు తన పొయ్యి కూడా ఇచ్చింది, ముక్కుకు కొంగు కట్టుకుని. "ఏ భాయ్, తొందరగా కరో! మా అత్త వచ్చిందంటే మొదట నిన్ను వేపుతుంది, బాద్‌మే మాఛ్, చేపల్ని!"

ఆదివారం ఉదయం గిన్నె మీద మూత పెట్టి ఇంటికి తెచ్చాను. మూత చేపను ఆపింది గాని వాసనను ఆపలేదు. అమ్మ కంగారుపడి, వీధికి తెలియకూడదని, మామ్మ మంచం చుట్టూ, గుమ్మం దగ్గర అగరొత్తులు గుచ్చింది. ఒకటీ రెండూ కాదు, కట్టంతా. అక్కడే పొరపాటు జరిగింది. అన్నం మానేసిన ముసలామె ఉన్న ఇంట్లోంచి పగటిపూట అంత అగరు పొగ వస్తే ట్రాఫిక్‌లో దానికి ఒకటే అర్థం. అయిదు నిమిషాల్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు తలమీద కొంగుతో దిగారు. ముందున్న ఎదురింటి పిన్ని గుమ్మంలోనే రాగం అందుకుంది.

మామ్మ మోచేతి మీద లేచింది. "ఎవులే పోయినారు?"

పిన్ని రాగం మధ్యలో తెగింది. "నువ్వే... అత్తా" అంది.

మూడు వారాల తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది, అదీ మామ్మది. ఇదే అదనని కంచం ముందు పెట్టాను. అందరూ చూస్తుండగా మామ్మ ఒక ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"సరిగ్గా కుదిరిందా మామ్మా? అక్కడ ఇలాగే ఉండేదా?"

"నాకేటి తెలుసురా," అంది మామ్మ. "నానెప్పుడు తిన్నాను?"

మామ్మే చెప్పింది. తోటలో వాళ్ళకి పొద్దున్నా సాయంత్రం గంజే. ఒక మలయా మనిషి అరిటాకు పొట్లాలు తట్టలో పెట్టుకుని కూలీల ఇళ్ళ లైను చివర కూర్చునేది. మామ్మ దూరంగా నిలబడి వాసన చూసేది. "పెళ్ళైన కొత్తలో తిన్నానని మీ తాతతో గొప్పకి అన్నాను. ఆ మడిసి నమ్మేసినాడు. రోజూ ఎలగుంటాది, ఎలగుంటాది అని అడిగీవోడు. నాను రోజూ కొత్తగా సెప్పినాను. ఇప్పుడు ఎవులికి సెప్పాలి, సెప్పు?"

అని ఇంకో ముద్ద కలిపింది. "బాగానే ఉన్నాదిలే. నాను ఆయనకి సెప్పినంత నేదు."

ఆ రోజు నాలుగు ముద్దలు తింది. మర్నాడు జావ తాగింది. డాక్టరు పదిహేను రోజులన్నది వానలదాకా సాగింది. తర్వాత ఒక ఉదయం అగరొత్తులు నిజంగానే వెలిగించాం.

నేనేం చేశానో చెప్పకపోతే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది. నేను అలిగాను. అంత కష్టపడి వండితే, సర్టిఫికెట్ ఇవ్వగల ఒకే ఒక్క మనిషి ఆ పరీక్షే రాయలేదట! ఆ ఆదివారం సాయంత్రం నేను మిగిలింది తింటుంటే మామ్మ మంచం మీంచి పిలిచింది. "ఒరే, ఎలగున్నాదో నువ్వు సెప్పరా. నాను ఇంతాను."

"ఉప్పు తక్కువైంది," అన్నాను, తలెత్తకుండా.

ఆమె ఇంకాసేపు నా వైపు చూస్తూనే ఉంది. నేను చేయి కడుక్కోవడానికి లేచాను. ఇప్పుడైతే, ఆ కొబ్బరిపాల దగ్గర మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా చెప్పేవాణ్ణి. సగం అబద్ధాలే చెప్పేవాణ్ణి, ఎంత బాగా చెప్పేవాణ్ణో!