సుగుణ మేడం, ఆసిఫాబాద్ గబ్బిలం

గబ్బిలాల నమూనాలు దాచిన స్పిరిట్ సీసా మూత తీస్తే చాలు, మా కాలేజీ పిల్లలు ముక్కులు మూసుకుని వెనక్కి జరుగుతారు. నాకేమో ఆ ఘాటు వాసనకు సుగుణ మేడం గుర్తొస్తారు. కరీంనగర్‌లో నా పరిశోధనకు ఆమే గైడు. బొగ్గుగని కార్మికుడి కూతురు. గుహలోకి దూరేముందు కొంగు నడుముకు చుట్టి, వాళ్ల బాపు పాత గని టోపీ నెత్తిన పెట్టుకునేవారు. చీకట్లో పని చేయడం మా ఇంటి వృత్తి అని నవ్వేవారు.

ఆ ఎండాకాలం ఆసిఫాబాద్ అడవిలోని ఒక గుహలో గుర్రపునాడా గబ్బిలాలు దొరికాయి. ముక్కు మీద నాడా ఆకారంలో తోలు మడత ఉంటుంది కనుక వాటికి ఆ పేరు. ఒక్కొక్కటి పట్టి, ముంజేతి ఎముక కొలిచి, నమూనాకు ఒకటి రెండు ఉంచుకుని మిగతావి వదిలేశాం. మ్యూజియంలో ఉన్న ఇదే రకం పాత నమూనాల కంటే మావి పెద్దవి. ముక్కు మీది పై మడత కూడా సన్నగా ఉంది. కొత్త జాతే అనుకున్నాం. నా సంతోషం చెప్పనలవి కాదు. అవ్వకు ఫోన్ చేసి మరీ చెప్పాను, ఆమెకు గబ్బిలమంటేనే అసహ్యం! మేడం ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి తనదంటూ ఒక్క ఆవిష్కరణ మిగలాలని నా ఆరాటం.

వ్యాసం పంపాల్సిన రోజు పొద్దున మేడం వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చాయ్ ముట్టలేదు.

"మనం కొలిచినవాటిల్ల మగవి ఎన్ని ఉన్నయి బిడ్డా?"

ఒక్కటీ లేదు. అది ఈనే కాలం. పిల్లల్ని కనడానికి తల్లులన్నీ ఆ గుహలో చేరతాయి, మగవి వేరేచోట ఉంటాయి. మ్యూజియం నమూనాలేమో దాదాపు అన్నీ మగవి. వీటిలో ఆడవి కాస్త పెద్దవిగా ఉండటం మామూలే. మేము తల్లుల్ని తీసుకొచ్చి మగవాటి పక్కన నిలబెట్టాం.

"గుహ నేనే చూసిన, నెల నేనే చెప్పిన. తప్పు నాది," అన్నారామె.

నాకు ఒళ్లు మండింది. ఆలస్యం అమృతం విషం అన్నాను. ఇంకొకరెవరో ఇదే గబ్బిలం మీద పని చేస్తున్నారని, మీరు రిటైరైతే ల్యాబ్ కూడా ఉండదని వాదించాను. ఆమె గొంతు పెంచలేదు.

"ముందుగాల ఎవరు చెప్పిన్రో గబ్బిలానికి ఎర్కనా? తప్పు చెప్తే మాత్రం మనం పోయినంక గూడ అట్లనే ఉంటది."

వానలు తగ్గాక మళ్లీ వెళ్లాం. అప్పటికి కాలేజీ జీపు మాకు రాదు. మేడం కరీంనగర్ నుంచి బస్సులో, ఒళ్లో సర్వపిండి డబ్బాతో వచ్చారు. పక్క గుట్టలో మగవి దొరికాయి. కొలిస్తే, పెద్దవనుకున్న తేడా కాస్తా ఎగిరిపోయింది. మిగిలింది సన్నటి ముక్కు మడత, దవడ తీరు. అంటే కొత్త జాతి కాదు, ఉపజాతి. నా మొహం చిన్నబోయింది.

"అదే ఇంటోళ్లు బిడ్డా, వేరు పడ్డరు గంతే," అని నా చేతిలో సర్వపిండి ముక్క పెట్టారు.

దానికి ఆమె పేరు పెట్టాలని పట్టుబట్టాను. రాసేవాళ్లు తమ పేరే పెట్టుకోవడం మర్యాద కాదని గుట్ట పేరు పెట్టించారు. మా మొదటి కొలతలు ఎందుకు చెల్లవో మాత్రం దాచకుండా వ్యాసంలో రాయించారు. అది వెలువడిన ఏడాదికే మేడం పోయారు. నాకు ఇప్పటికీ ఆ లోటు తీరలేదు.

ఇవాళ మా విద్యార్థిని ఒకమ్మాయి ఆదిలాబాద్ వైపు నుంచి కొలతలు తెచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి, కొత్తదే మేడం అంటోంది. పోలికకు సీసా మూత తీశాను. వాసన గుప్పుమంది.

"మగవి ఎన్ని ఉన్నయి బిడ్డా?" అన్నాను.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వానలు తగ్గినంక మళ్లీ పోదాం, సర్వపిండి నేను తెస్తానని చెప్పాను.