ఎన్క బండి

మింగలేను, కక్కలేను. ఏళ్లుగా ఇదే బతుకు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ముఖం లేదు.

హైదరాబాదులో నాది వింత ఉద్యోగం. ఏ దేశంలో ఏ రాకెట్ ఎప్పుడు ఎగురుతుందో కనిపెడుతూ, ఉపగ్రహాలు తయారుచేసిన కంపెనీలకు వాటిలో చోటు ఇప్పించాలి. మా నాన్న కొత్తకోట చౌరస్తాలో జీపు నడిపేవాడు. ఆయన పనీ ఇంచుమించు ఇదే. బండి నిండాక ఎవరైనా పెద్దమనిషి వస్తే, నోరులేని ఒకరిని దింపి, "ఎన్క బండి ఖాళీగొస్తది" అనేవాడు. వెనక ఖాళీ జీపేదీ రాదని దిగేవాళ్లకూ తెలుసు.

సుజాత గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్ల. వనపర్తిలో ఇంటర్ కలిసి చదివాం. స్నేహితులతో చిన్న కంపెనీ పెట్టి, పొలాల్లో తడి కొలిచే ఉపగ్రహం తయారుచేసింది. దానికి రాకెట్‌లో చోటు చూసింది నేనే. ప్రయోగం దగ్గరపడ్డాక ఒక పెద్ద విదేశీ కంపెనీ అదే రాకెట్‌లో చోటు కావాలంది. చిన్న కంపెనీల్లో ఎవరిని దింపితే గొడవ ఉండదని మా మేనేజర్ అడిగాడు.

సుజాత పేరు చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆమె నన్ను నమ్ముతుంది కనుక. ఇంతకంటే నీచమైన కారణం ఉంటుందా? అప్పుడు మాత్రం తెలివైన పనే అనిపించింది, ఛీ.

ఫోన్ చేశాను.

"బరువెక్కువైందంట సుజాతా. ఎన్క బండి ఖాళీగుంది, దాంట్ల ఎక్కిస్త."

"నిజంగ ఉందా? రేడియో అనుమతి గడువు దాటితే మాది ఇగ ఎగరదు. తెల్సు గద?"

"ఉంది. పరేషాన్ గాకు."

"నువ్ చెప్పినంక ఇంకేంది" అని నవ్వింది. గద్వాల దారిలో జీపులెక్కి తిరిగిన మనిషి, ఆ మాటను నమ్మడమేంటి? నేను అన్నాను కాబట్టి నమ్మింది.

తరవాతి రాకెట్‌లో చోటు లేదని నాకు అప్పటికే తెలుసు. రేడియో సంకేతాలు పంపేందుకు సర్కారు ఇచ్చిన అనుమతి గడువు దాటింది. కంపెనీ మూతపడింది. ఉపగ్రహం పెట్టెలోనే ఉండిపోయింది.

ఆ కష్టంలో రోజూ ఫోన్ చేసి ఓదార్చింది కూడా నేనే. చివరికి పెళ్లి చేసుకున్నాం. చుట్టాలొస్తే నా ముందే చెబుతుంది: "అందరు ముఖం చాటేసిన్రు. ఈయనొక్కడే నాకోసం కొట్లాడిండు." నేను తల దించుకుంటాను. వాళ్లు అణకువ అనుకుంటారు. ఆ అబద్ధం తీసేస్తే మా కాపురంలో ఏం మిగులుతుందో తెలియదు.

సుజాత ఇప్పుడు నాగర్‌కర్నూల్ కాలేజీలో పాఠాలు చెబుతోంది, సెలవులకు హైదరాబాదు వస్తుంది. నిన్న అన్నం తింటూ, విద్యార్థులతో కలిసి కొత్త ఉపగ్రహం తయారుచేస్తానంది. "ఈసారి గూడ చోటు నువ్వే చూడాలె" అంది. చూస్తానన్నాను.

ఇదిగో, రాసేశాను. రాకెట్‌లో బరువు ఎక్కువ కాలేదు. ఆమెను దింపించింది నేను. పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది, పిలిస్తే వస్తుంది. పిలవలేదు, పిలుస్తానని మాట కూడా ఇవ్వలేను. మీతో చెప్పాను. ఆ మాత్రానికే ఊపిరి ఆడుతోంది.